ఎదురింటి ఆయన ఐసీయూలో ఉన్నారు, పెద్దగా పరిచయం లేదు: ఏం చేస్తే బాగుంటుంది?

మీరు రాసింది రెండుసార్లు చదివానమ్మా. ఎదురు ఫ్లాట్‌లో ఆయనకి మొన్న పక్షవాతం వచ్చింది, ఐసీయూలో ఉన్నారు. భార్య ఆసుపత్రిలోనే ఉంటోంది. ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి, పెద్దావిడ అత్తగారు మిగిలారు. మీరు ఆ అపార్ట్‌మెంట్‌కి వచ్చి మూడు నెలలే అయింది, లిఫ్ట్‌లో కనబడితే నవ్వుకోవడం తప్ప మాటల్లేవు. ఆసుపత్రికి వెళ్లి పలకరించాలా, డబ్బేమైనా ఇవ్వాలా, లేక పరిచయం లేకుండా కల్పించుకుంటే ఏమనుకుంటారో అని ఊరుకోవాలా అని అడిగారు.

ఊరుకోకండి. కానీ ఆసుపత్రికి బయల్దేరే ముందు ఒక్కసారి వాళ్ల గుమ్మం చూడండి. పాల ప్యాకెట్లు అలాగే వేలాడుతున్నాయా, పేపర్లు పడి ఉన్నాయా, చెత్తబుట్ట తీసినవాళ్లు ఉన్నారా. మీ పని అక్కడ మొదలవుతుంది.

నేను గుంటూరులో ఒక ఆసుపత్రి ఐసీయూలో 27 ఏళ్లు నర్సుగా చేశాను. రిటైరై మూడేళ్లు దాటింది. పేషెంట్లని ఎంత చూశానో, తలుపు బయట కుర్చీల్లో కూర్చున్న వాళ్లనీ అంతే చూశాను. మధ్యాహ్నం డాక్టరుగారు బయటికి వచ్చి పేషెంటు భార్యతోనో కొడుకుతోనో రెండు మూడు నిమిషాలు మాట్లాడతారు. వాళ్లు అన్నిటికీ తలూపుతారు. ఆయన అటు వెళ్లగానే నా దగ్గరికి వచ్చి, "సిస్టర్, డాక్టరుగారు ఏం చెప్పారండీ?" అంటారు. మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు, ఇప్పుడే కదా చెప్పారు అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది. ఆ రెండు నిమిషాలూ మనిషి అక్కడ నిలబడి ఉంటుంది, మనసు ఇంటి దగ్గర ఉంటుంది. మోటరు కట్టేశానా, పాప తిన్నదా, అత్తయ్య రాత్రి మాత్ర వేసుకున్నారా, వెనక తలుపు గడియ పెట్టానా. ఇంటి ధ్యాస తీరిన వాళ్లే డాక్టరు మాట వినగలిగేవాళ్లు, తిరిగి ఒక ప్రశ్న అడగగలిగేవాళ్లు. "ఇంటి దగ్గర పక్కింటివాళ్లు చూసుకుంటున్నారు సిస్టర్" అన్న మాట చెప్పేటప్పుడు వాళ్ల ముఖంలో వచ్చే తేడా నాకు బాగా గుర్తు.

ఇది నా మీదికి వచ్చినప్పుడు ఇంకా బాగా తెలిసింది. 2017 జనవరిలో మావారికి పక్షవాతం వచ్చింది. అప్పుడు మేం బ్రాడీపేటలో ఒక పాత ఇంట్లో అద్దెకి ఉండేవాళ్లం. పొద్దున్నే పళ్లు తోముకుంటూ బ్రష్ జారవిడిచారు, నోరు పక్కకి లాగింది. నేను నర్సుని కాబట్టి వెంటనే గుర్తుపట్టాను, గంటన్నరలో ఆసుపత్రిలో ఉన్నాం. రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతంలో ఆ గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, అది అందింది. అంతవరకూ బాగానే నడిచాను. తలుపు మూసుకున్నాక నేను కూడా అందరిలాగే ఆ కుర్చీలో కూర్చున్నాను. డాక్టరుగారు నాకు తెలిసిన భాషలోనే చెప్పారు, అయినా ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. లోపల డ్యూటీలో ఉన్న పిల్లని అడిగాను, "ఏం చెప్పారమ్మా?" అని.

సంక్రాంతి నెల అది. వీధి వీధంతా ముగ్గులే. మీరు పట్నంలో పెరిగి ఉంటే చెప్తున్నాను, మా వైపు ధనుర్మాసంలో ముగ్గు లేని గుమ్మం అంటే ఆ ఇంట్లో ఏదో జరగరానిది జరిగిందని అర్థం. ఆసుపత్రిలో కూర్చుని నేను దీని గురించి బెంగపడ్డానంటే నమ్ముతారో లేదో. అటు మనిషి ఎలా ఉన్నాడో తెలియదు, ఇటు నా గుమ్మం బోసిగా ఉంటుంది, వీధిలో వాళ్లు చూసి ఏమనుకుంటారో, అపశకునమేమో అని ఒకటే పీకులాట. ఎవరికి చెప్పుకుంటాను ఇలాంటి దిగులు?

రెండో రోజు బట్టలకని మా అబ్బాయి ఇంటికి వెళ్లి వచ్చి, "గేటు ముందు ముగ్గు ఉందమ్మా" అన్నాడు. మూడో రోజూ ఉంది. వాడికి ఎవరు వేస్తున్నారో తెలియదు. ఐదో రోజు తెల్లవారుజామున స్నానానికని నేను వెళ్లాను. ఇంకా చీకటిగా ఉంది, మంచు కురుస్తోంది. ఎదురింటి మామ్మగారు మా గేటు ఊచ ఒక చేత్తో పట్టుకుని, వంగి, రెండో చేత్తో చుక్కలు పెడుతున్నారు. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు, కింద కూర్చుంటే లేవలేరు. అందుకే ఆ గేటు పట్టుకోవడం. పెద్ద ముగ్గు కూడా కాదు, నాలుగు చుక్కల ముగ్గు, ఒక గీత వంకర పోయింది. పక్కన హార్లిక్స్ సీసాలో ముగ్గుపిండి. నన్ను చూసి ఆయనకి ఎలా ఉందని అడగలేదు. "నీళ్లు పెట్టుకో, స్నానం చేసేలోపు కాఫీ పంపిస్తాను" అని సీసా మూత పెట్టుకుని వెళ్లిపోయారు. నేను గేటు తీసి, ఆ ముగ్గు తొక్కకుండా పక్కనుంచి లోపలికి వెళ్లి, తలుపేసుకుని మొదటిసారి ఏడ్చాను. అంతవరకూ నాకు ఏడుపు రాలేదు.

ఆరోజు మధ్యాహ్నం డాక్టరుగారు చెప్పింది నాకు పూర్తిగా వినపడింది.

అందుకని మీరు చేయాల్సిన మొదటి పని ఇది. ఇవాళ సాయంత్రం వాళ్ల అత్తగారి దగ్గరికి వెళ్లి, "ఏమైనా కావాలంటే చెప్పండి" అనకండి. మనసుతోనే అంటాం ఆ మాట, తప్పేం లేదు. కానీ కష్టంలో ఉన్నవాళ్లు ఏం కావాలో ఆలోచించి, అడగొచ్చో లేదో ఆలోచించి, నోరు తెరిచి అడగాలి. ఆ ఓపిక వాళ్లకి ఉండదు. దాని బదులు చేసే పనే చెప్పండి. "పొద్దున్నే పాలు నేను తీసి కాచి ఇస్తానండీ. ఏడింటికి పాపకి టిఫిన్ మా ఇంట్లోనే." ఇలా చెప్తే కాదనాలనుకుంటే కాదంటారు, లేదంటే సరేనంటారు. ఒక్క తల ఊపుతో అయిపోతుంది.

వంట సంగతి కాస్త వివరంగా చెప్తాను, మనవాళ్లు ఎక్కువ చేసేదీ, ఎక్కువ తప్పేదీ అక్కడే. మొదటి రెండు రోజులు పది ఇళ్ల నుంచి క్యారేజీలు వస్తాయి, అన్నిట్లోనూ పులిహోర, వడలు. నాలుగో రోజుకి ఒక్కటీ రాదు. మీరు నాలుగో రోజు నుంచి మొదలుపెట్టినా మంచిదే. ఆసుపత్రి కుర్చీలో కూర్చుని తినేవాళ్లకి కలిపిన పెరుగన్నం, ఇడ్లీ, మెత్తటి చపాతీ లాంటివి పనికొస్తాయి. పెరుగన్నంలో పాలు ఎక్కువ పోసి కొంచెం పెరుగు తోడువేస్తే సాయంత్రానికి కూడా పులవదు. కూర, పప్పు, చారు విడివిడిగా గిన్నెల్లో పెడితే అక్కడ కలుపుకోవడానికి చోటుండదు, చేయి కడుక్కోవడానికి వరండా చివరికి నడవాలి. అందుకని చెంచా కూడా పెట్టండి. పెద్దావిడకి షుగరు, బీపీ ఉన్నాయేమో ముందే అడిగి ఉప్పు, తీపి చూసుకోండి.

ఇంకో మాట, గిన్నెల గురించి. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని మనకి ఒక పట్టింపు ఉంది. ఆ ఇల్లాలు ఆసుపత్రి నుంచి ఎప్పుడో ఒక పూట ఇంటికి వచ్చి మీ స్టీలు డబ్బా చూసి, ఇందులో ఏం పెట్టి పంపాలి అని ఆలోచిస్తుంది. ఇది నేను కళ్లారా చూశాను, నేనూ పడ్డాను. పారేసే డబ్బాల్లో పెట్టండి, లేదా మీరే వెళ్లి "మా డబ్బా నాకు కావాలండీ" అని తెచ్చేసుకోండి.

ఆ అమ్మాయి గురించి. తొమ్మిదో తరగతి పిల్లకి అన్నీ తెలుస్తాయి, ఎవరూ ఏమీ చెప్పరు. లిఫ్ట్‌లో ఎక్కితే ఒకరు, గేటు దగ్గర ఒకరు, వాచ్‌మన్ భార్య ఒకరు, "నాన్నకి ఎలా ఉందమ్మా?" అని అడుగుతూనే ఉంటారు. ఒక పూటలో ఆరుసార్లు తన తండ్రి గురించి తెలియని జవాబు చెప్పాలి పాపం. మీరు అడగకండి. మీ ఇంట్లో ఒక బల్ల, లైటు, ఫ్యాను ఉన్న చోటు చూపించి, "ఇక్కడ కూర్చుని చదువుకో, నేను పక్క గదిలోనే ఉంటాను" అనండి. పరీక్షలుంటే స్కూలుకి ఒక ఫోను చేసి క్లాస్ టీచరుకి విషయం చెప్పడం కూడా పెద్ద సాయం, అయితే తల్లిని అడిగి చేయండి. రాత్రి ఆ ఇంట్లో ముసలావిడ, పిల్ల ఇద్దరే పడుకుంటారు కాబట్టి మీ నంబరు పెద్ద అంకెలతో కాగితం మీద రాసి వాళ్ల ఫ్రిజ్ మీద అంటించండి. రాత్రి ఎన్నింటికైనా తలుపు కొట్టొచ్చని ఆ పిల్లతోనే నేరుగా చెప్పండి.

బయటివాళ్లకి తట్టని చిన్న చిక్కులు కొన్ని ఉంటాయి. ఇప్పుడు గ్యాస్ సిలిండరు రావాలంటే రిజిస్టరైన ఫోనుకి వచ్చిన కోడ్ చెప్పాలి. చాలా ఇళ్లలో ఆ నంబరు మగవాళ్లదే. ఆ ఫోను ఆసుపత్రిలో ఆవిడ హ్యాండ్‌బ్యాగులో స్విచ్ఛాఫ్ అయి ఉంటుంది. ఇక్కడ గ్యాస్ అయిపోయి పెద్దావిడ కూర్చుంటారు. మీ దగ్గర రెండో సిలిండరు ఉంటే ఇచ్చి, తర్వాత తీసుకోండి. పెద్దావిడకి ఇన్సులిన్ ఉంటే ఎవరు వేస్తున్నారో కనుక్కోండి. చాలా ఇళ్లలో కొడుకే వేస్తాడు, కొడుకు ఐసీయూలో ఉన్నాడు, మొహమాటపడి ఆవిడ మానేసి ఊరుకుంటారు. నా సర్వీసులో అలా తండ్రి లోపల ఉండగా నాయనమ్మ షుగరు పెరిగి పడిపోయి, అదే ఆసుపత్రికి వచ్చిన సందర్భాలున్నాయి. ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపులో ఉండాలి, ఫ్రీజర్‌లో పెట్టకూడదు, గడ్డకడితే ఇక పనికిరాదు.

కాగితాలు కూడా చూడండి. హడావిడిలో ఆసుపత్రికి వెళ్లినవాళ్లు ఆధార్, రేషన్ కార్డు, ఇన్సూరెన్సు కార్డు ఇంట్లో వదిలేస్తారు. ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ వర్తించే ఆసుపత్రి అయితే అక్కడ దానికోసం ఒక కౌంటరు ఉంటుంది, కార్డులు ఎంత త్వరగా చూపిస్తే అంత మంచిది. సొంత పాలసీ ఉంటే ఎమర్జెన్సీలో చేర్చిన 24 గంటల్లోపు కంపెనీకి తెలపాలని చాలా పాలసీల్లో ఉంటుంది. మీవారు స్కూటరు మీద వెళ్లి ఆ ఫైలు అందించి వస్తే, వెయ్యి రూపాయలు ఇచ్చినదానికంటే ఎక్కువ.

డబ్బు అడిగారు కాబట్టి చెప్తాను. పరిచయం లేని దగ్గర చేతిలో డబ్బు పెడితే తీసుకున్నవాళ్లు కుంచించుకుపోతారు. మా వీధి చివర ఆటో నడిపే భాయ్ ఒకాయన ఉండేవాడు. నేను రాత్రిళ్లు ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాక, మావారు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ రాత్రి తొమ్మిదింటికి ఆసుపత్రి గేటు దగ్గర ఆటో పెట్టుకుని ఉండేవాడు, నేను రమ్మని చెప్పకుండానే. నన్ను ఇంటి దగ్గర దించి, లోపల లైటు వెలిగేదాకా ఆగి, అప్పుడు ఆటో తిప్పేవాడు. డబ్బులు మాత్రం మామూలు రేటు తీసుకునేవాడు. ఊరికే ఎక్కించుకుంటే మర్నాడు నేను ఎక్కనని ఆయనకి తెలుసు. ఆ తీసుకోవడం కూడా నా మీద దయే అని నాకు తర్వాత అర్థమైంది. అందుకని మీరు కరెంటు బిల్లు కట్టినా, మందులు తెచ్చినా, ఆవిడ "ఎంతైంది?" అంటే మొత్తం చెప్పి తీసుకోండి. నిజంగా డబ్బుకి కటకటగా ఉందని తెలిస్తే, ఎవరూ లేనప్పుడు, ఒక కవరులో, "ఇది తొందరేం లేదు" అని ఇవ్వండి. ఫ్లాట్ల వాట్సాప్ గ్రూపులో చందాలు పోగుచేసి పేర్లతో జాబితా పెట్టడం మాత్రం ఆవిడ ఒప్పుకోకుండా ఎవర్నీ చేయనివ్వకండి. ఆయన ఆరోగ్యం గురించి కబుర్లు కూడా ఆ గ్రూపులో వద్దు.

ఇక ఆసుపత్రికి వెళ్లే విషయం. వెళ్లండి, పేషెంటు కోసం కాదు, ఆవిడ కోసం. ఐసీయూలో పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు ఒక్కొక్కరినే పంపుతారు. ఆ సమయం ఆవిడది, మనం అందులో ఒక్క నిమిషం కూడా తీసుకోకూడదు. జలుబు, దగ్గు ఉంటే అసలు ఆ వైపు వెళ్లొద్దు. పళ్లు, పూలు వద్దు, లోపలికి రానివ్వరు. తీసుకెళ్లాల్సింది ఒక దుప్పటి, పొడుగు వైరున్న ఫోను ఛార్జరు, ఫ్లాస్కులో కాఫీ, దువ్వెన, తలకి రాసుకునే కొబ్బరినూనె చిన్న సీసా. నవ్వకండి, నాలుగు రోజులు తల దువ్వుకోని ఆడమనిషికి దువ్వెన ఇచ్చి "మీరు మొహం కడుక్కుని రండి, నేను ఇక్కడే కూర్చుంటాను, పిలిస్తే ఫోన్ చేస్తాను" అంటే ఎంత తెరిపినపడుతుందో చూడండి. తలుపు దగ్గర నుంచి కదిలితే అప్పుడే పిలుస్తారేమోనని బాత్రూముకి కూడా వెళ్లకుండా కూర్చునేవాళ్లు ఉంటారు.

అక్కడ "డాక్టర్లు ఏమంటున్నారు?" అని గుచ్చి అడగొద్దు. మొదటి మూడు నాలుగు రోజులు డాక్టర్ల దగ్గర కూడా గట్టి జవాబు ఉండదు, మెదడులో వాపు పెరిగేది ఆ రోజుల్లోనే. అందుకే 72 గంటలు గడవాలంటారు. లేని జవాబు కోసం పదిమంది అడిగితే ఆవిడ తనకే ఏదో చెప్పడం లేదని భయపడుతుంది. మా బావగారికీ ఇలాగే వచ్చింది అని మొదలుపెట్టే కథలు మంచిగా ముగిసినా, చెడుగా ముగిసినా వద్దు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నాను, ప్రాణం మీదికి వచ్చే సంగతి. పక్షవాతం వచ్చిన వాళ్లలో చాలామందికి మింగడం సరిగా ఉండదు, బయటికి తెలియదు. ఐసీయూ నుంచి వార్డుకి మారగానే చూడ్డానికి వచ్చినవాళ్లు ప్రేమకొద్దీ కొబ్బరినీళ్లు, జ్యూసు, గుడి తీర్థం నోట్లో పోస్తారు. అది గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది. కోలుకుంటున్న మనిషి మళ్లీ ఐసీయూకి వెళ్తాడు. నేను ఎన్నిసార్లు చూశానో. మింగగలరో లేదో పరీక్షించి నర్సు ఇవ్వొచ్చని చెప్పేదాకా ఒక చెంచా నీళ్లు కూడా ఇవ్వకూడదు. తీర్థం తెచ్చినవాళ్లుంటే కళ్లకద్ది తల మీద చల్లమనండి. కషాయాలు, పసరు మందులు మీరు తేవద్దు, తెచ్చేవాళ్లని కూడా మెల్లగా వారించండి.

రక్తం సంగతి కొందరు అడుగుతుంటారు. పక్షవాతానికి మామూలుగా అవసరం పడదు, ఆపరేషను చేయాల్సి వస్తే అడగొచ్చు. డెంగీ సీజన్లో ప్లేట్‌లెట్లకి మాత్రం పరుగులు పెడతారు, అవి ఐదు రోజులకి మించి నిలవ ఉండవు, అందుకే అప్పటికప్పుడు మనిషి కావాలి. మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరిది ఏ గ్రూపో ఒక కాగితం మీద రాసుకుంటే ఎప్పటికైనా పనికొస్తుంది. మగవాళ్లు మూడు నెలలకి, ఆడవాళ్లు నాలుగు నెలలకి ఒకసారి ఇవ్వొచ్చు.

చివరిగా, ఆయన ఇంటికి వచ్చాక. అందరూ హమ్మయ్య అనుకుని ఎవరి పనుల్లో వాళ్లు పడిపోతారు, ఆవిడకి అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. మనిషిని తిప్పి పడుకోబెట్టాలి, ఫిజియోథెరపీ చేయించాలి, మొదటి మూడు నెలలు చేసిన వ్యాయామమే ఎక్కువ ఫలితం ఇస్తుంది. మాట పోయి ఉండొచ్చు. మాట పోయినంత మాత్రాన అర్థం కావడం పోయిందని కాదు. మావారికి ఐదు నెలలు మాట సరిగా రాలేదు. వచ్చినవాళ్లు ఆయన ముందే నన్ను, "అన్నం తింటున్నారా? గుర్తుపడుతున్నారా?" అని అడిగేవాళ్లు. ఆయన కళ్లు కిందికి దించుకునేవారు. వెనకింటి మాస్టారు ఒక్కరే కుర్చీ దగ్గరికి లాక్కుని, పేపరు తెరిచి, ఆయనతోనే నేరుగా మాట్లాడేవారు, జవాబు కోసం ఎంతసేపైనా ఆగేవారు. గొంతు పెంచేవారు కాదు. రోజూ సాయంత్రం ఇరవై నిమిషాలు. మావారు మొదట స్పష్టంగా అన్న మాట "మాస్టారూ". మీవారికి ఆదివారాలు తీరిక ఉంటే ఆ పని ఆయనకి అప్పజెప్పండి. ఆ ఇరవై నిమిషాల్లో ఆవిడ స్నానం చేసి వస్తుంది, లేదా మీతో కూర్చుని కాఫీ తాగుతుంది.

ఈరోజుకి పాలు, టిఫిను, ఫ్రిజ్ మీద నంబరు చాలు. డిశ్చార్జి ఎప్పుడో తెలిశాక ముందురోజే లిఫ్ట్ పనిచేస్తోందో లేదో వాచ్‌మన్‌ని చూడమనండి, పనిచేయకపోతే చేతులున్న గట్టి కుర్చీ ఒకటి, నలుగురు మగపిల్లల్ని సిద్ధంగా ఉంచండి. మెట్ల మీద కుర్చీ ఎక్కించేటప్పుడు ఆయన చచ్చుబడిన చేయి బయటికి వేలాడకుండా ఒళ్లో పెట్టి తుండుతో వదులుగా కట్టమని చెప్పండి. ఆ చెయ్యి పట్టుకుని మాత్రం ఎవరూ లాగొద్దు, భుజం జారుతుంది.